ఎనిమిది గిగాబైట్ల వాన

అట్టపెట్టె మీద నిప్పులు కక్కే డ్రాగన్ బొమ్మ.
లోపల అరకిలో పైచిలుకు లోహం, రెండు ఫ్యాన్లు.
ధర, మా వూచ్ పట్టణంలో
రిటైరైన ట్రామ్ డ్రైవరు పింఛనులో
సగానికి కొంచెం తక్కువ.

నా పని దాన్ని తూచడం.
పొద్దున్నుంచీ తూస్తూనే ఉన్నాను.

ఒకప్పుడిది నూలు మిల్లు.
గోడలకింకా దూది వాసన ఉందంటాడు మా యజమాని.
నాకైతే టంకం వాసనే.
మగ్గాలున్న చోట మానిటర్లు. ఇక్కడా నేతే మరి:
పడుగు మీద పేక, సెకనుకి ఎనభై నాలుగు బట్టలు,
నేసిందాన్ని చూసీ చూడకముందే
చింపి పారేస్తుంది ఈ కార్డు.

నోటుపుస్తకంలో రాసుకున్నాను:
మధ్య సైజు తెర మీద పరుగు బాగుంది.
కరెంటు గుక్కలుగా తాగదు, చప్పరిస్తుంది.
ఎంత తోమినా డెబ్భై డిగ్రీలు దాటదు.
మెమొరీ మాత్రం చాలీచాలని దుప్పటి,
తల కప్పితే కాళ్ళు బయట.
పెద్ద పెద్ద ఊళ్ళున్న ఆటల్లో
ముందు మనం వెళతాం,
ఆ తర్వాత గోడలకి ఇటుకలొస్తాయి.
కాంతికిరణాల లెక్క అడిగామా
అప్పు తీసుకున్న బావమరిదిలా మొహం చాటేస్తుంది.

పదికి ఏడు అని రాశాను. కొట్టేశాను.
ఆరున్నర.
అదీ కొట్టేశాను.

అప్పుడొచ్చింది బొగుమివా గారు, నీళ్ళు కారే గొడుగుతో.
ముప్ఫై ఒక్క ఏళ్ళు ట్రామ్ నడిపిన మనిషి.
ఆమె లైను ఎత్తేశారు,
పట్టాలు ఊడబెరికి తుక్కు కింద అమ్మేశారు.
ఎవరో కుర్రాళ్ళు, ముక్కూ మొహం తెలీనివాళ్ళు,
స్తంభం స్తంభం లెక్కపెట్టి
సిమ్యులేటర్లో మళ్ళీ ఆ లైను వేశారట.
"నా పాత డబ్బాలో అది ఫొటోల ఆల్బమ్‌లా కదులుతోంది, లెస్వావ్.
నా సర్వీసులో ఇంత లేటు లేదు."

కార్డు బిగించాను.
నవంబరు, రాత్రి, వాన, అన్నీ పూర్తిస్థాయిలో.
పట్టాల మీద దీపాలు పొడుగ్గా కరిగి పారాయి.
రిపేరు బల్ల దగ్గర స్క్రూడ్రైవరు కూడా ఆగింది ఒక్క క్షణం.
తర్వాత మలుపు.
ఇరవై ఆరు. పంతొమ్మిది.
ట్రామ్ నత్తినత్తిగా, ముక్కలు ముక్కలుగా.

"ఇదే దీని జబ్బు," అన్నాను డాక్టరు గొంతుతో,
"ఇంకో వెయ్యి పెట్టగలిగితే..."

ఆమె నన్ను జరిపి మెనూ తనే తెరిచింది.
ప్రతిబింబాలు: ఆఫ్.
"వాన ఎక్కడ మెరుస్తుందో నాకు తెలుసు.
ఆకులు రాలాక చక్రం ఎక్కడ జారుతుందో కూడా.
బ్రేకు వేసినప్పుడు ఆగాలి, అంతే."

డెబ్భై ఒకటి. నిలకడగా.
దూరాన ఓ దుకాణం గోడ మైనం ముద్దలా వచ్చి
దగ్గరయ్యాక ఏదో గుర్తొచ్చినట్టు
గబగబా అక్షరాలు తొడుక్కుంది: బేకరీ.
కార్డు తరఫున నేను సిగ్గుపడ్డాను.
"ఇక్కడ బేకరీ కాదు, మందుల షాపు," అందామె.
"కుర్రాళ్ళకి చెప్పాలి."

బరువు పడితే లోపలి తీగచుట్ట
సన్నగా, ఈలలా కూస్తుంది. అదీ వినిపించాను, దాచలేదు.
పాత బళ్ళ మోటారు కూతలా ఉందంటుందేమో,
కళ్ళు తుడుచుకుంటుందేమో అనుకున్నాను.
ఆమె తల వంచి, చెవి పెట్టి, బాగా విని,
"ఈ కూత నాకు నచ్చలేదు. రెండొందలు తగ్గించు," అంది.

నూట ఇరవై దగ్గర బేరం తెగింది.

సాయంత్రం ఆరైంది. మార్కుల గడి ఖాళీగానే ఉంది.
బలాలు ఇటు, లోపాలు అటు,
ఎవరి చేతిలో అని రాసుకునే గడి
ఈ కాగితం అచ్చేసినవాళ్ళు వదల్లేదు.
ఏడే వేస్తానేమో చివరికి.

పెట్టె వద్దంది, సంచిలో చోటు లేదని.
డ్రాగన్ నా బల్ల మీదే ఉంది
నోరు తెరుచుకుని, నిప్పులు కక్కుతూ,
అరవై తొమ్మిది డిగ్రీలు.